నా మొదటి మొగుడి మరణ ధ్రువీకరణ పత్రం

నేను వితంతువునని ఒక పరాయి దేశపు ప్రభుత్వానికి స్వయంగా, నా చేత్తో, ఒక్క తప్పు కూడా లేని ఇంగ్లీషులో రాసిచ్చాను. అప్పటికి నాకు పెళ్ళై నాలుగు నెలలు. మొగుడు నిక్షేపంగా ఉన్నాడు. రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతున్నాడు. చనిపోయింది ఇతను కాదు, ఇతనికంటే ముందువాడు. ఆ ముందువాడి వల్ల ఉన్నవాడు నాకు దక్కకుండా పోయే దశ వచ్చింది. అదంతా నా నోటి చలవ. ఆ ముచ్చట చెబుతాను. చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా అత్త మాత్రం ఇన్నేళ్ళయినా దీనికి నవ్వలేదు. ఆమె వంతు కూడా మీరే నవ్వాలి.

ముందు నా సంగతి. పేరు సుజాత. హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేదాన్ని. పౌరుడంటే ఎవరు, పౌరసత్వం ఎలా వస్తుంది, ఎలా పోతుంది, అన్నీ నాకు కంఠతా. ఈత మీద పుస్తకం రాసినవాడు బావిలో పడితే ఎలా ఉంటుందో ఇకమీదట చూస్తారు. ఇంకో సంగతి, నాకు వాదన అంటే అన్నం కంటే ఇష్టం. బస్సులో కండక్టరు చిల్లర లేదంటే ఆ బస్సు కొడికొండ దాటేవరకూ రాజ్యాంగం వినిపించేదాన్ని.

నాకు ఇరవయ్యేడేళ్ళప్పుడు జాతకంలో కుజదోషం ఉందని తేలింది. కట్టుకున్నవాడు బతకడట. దానికి విరుగుడు ఉంది. మొదటి పెళ్ళి ఒక అరటిచెట్టుతో చేసి, ఆ చెట్టును నరికేస్తే, గండం చెట్టుతో పోతుంది. తర్వాత వచ్చేవాడు నిశ్చింతగా నూరేళ్ళుంటాడు. పెనుకొండలో మా అవ్వ పెరట్లో, స్నానాల గది నీళ్ళు పారేచోట, ఒక అరటి పిల్ల పచ్చగా నిలబడి ఉంది. అవ్వ దాన్ని నాకు ఖాయం చేసింది.

"ఇది పెండ్లి కాదవ్వా. తోటపని," అన్నాను.

"తాళి నిజం. మంత్రం నిజం. వచ్చిన పంతులు నిజం. పెండ్లి గాకపోతే ఇంకేమంటారే దీన్ని?"

"మరి వరుడో?"

"వరుడు గూడా నిజమే. నీ మాదిరి ఎదురు మాట్లాడడు, అంతే తేడా."

అలా ఆ వరుడికి పట్టుపంచె చుట్టారు. గాలికి ఒక ఆకు ఊగితే పంతులు దాన్నే సమ్మతి అన్నాడు. నా సమ్మతి ఎవరూ అడగలేదు, నేనేమన్నా ఊగానా. తాళి పడింది, అక్షింతలు పడ్డాయి. అవి ఆరకముందే అవ్వ పాలేరు చేతికి కొడవలి ఇచ్చి వరుణ్ణి మొదలంటా నరికించింది. తాళి తీశారు, తలమీద నీళ్ళు పోశారు, దోసెలు పెట్టారు. గాజులు కూడా పగలగొట్టాలా అని అడిగితే అవ్వ వీపు మీద ఒకటిచ్చింది. మన కథలో మొదటి పెళ్ళి, మొదటి వైధవ్యం అక్కడికి సమాప్తం అనుకున్నాం. అనుకున్నాం, అంతే.

ఏడేళ్ళకు వెంకటేశు దొరికాడు. ధర్మవరంలో మగ్గాల ఇంటి మనిషి. అందరూ మగ్గం మీద నాడె పట్టుకుంటే ఇతను సిరంజి పట్టుకుని నర్సు అయ్యాడు, పరదేశంలో ఒక వృద్ధాశ్రమంలో పనికి కుదిరి, అక్కడే స్థిరపడ్డాడు. ఆ దేశం పేరు చెప్పను. చెబితే నా ఫైలు మళ్ళీ తెరుస్తారని ఇప్పటికీ భయం. వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మ నన్ను చూడ్డానికి వచ్చి జాతకం చూసి లేవబోతే, మా అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆ గండం అరటికి పోయింది, వదినా. నేనే నరికించినా. ఇంక నీ కొడుక్కి దిగుల్లేదు." ఆ ఒక్క మాట మీద మా పెళ్ళి జరిగింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ఇది మనల్ని కాటేస్తుంది.

వెంకటేశు సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. భార్యగా నన్ను పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. హిందూపురం బస్టాండు దగ్గర ఒక ఏజెంటు ఉండేవాడు, బసవరాజు. అతని బోర్డు మీద "ఫ్యామిలీ వీసా, సిటిజన్‌షిప్, లామినేషన్" అని ఉండేది.

"అక్కా, పెండ్లి ఫోటోలు తెచ్చినావా? ఇద్దురూ నవ్వుతాండేవి గావాల," అన్నాడు.

"హోమం పొగకు కండ్లు మండుతాంటే నవ్వేదెట్లప్పా?"

"నవ్వకపోతే ఉత్తుత్తి పెండ్లి అనుకుంటారు. ఫోన్లో మాట్లాడుకున్నెవి కూడా ప్రింటు తియ్యల్ల. ముద్దుమాటలు ఉంటే మంచిది."

"మేము చట్నీలో కొబ్బరి ఎంత ఎయ్యాలని కొట్లాడుకున్నెవే ఉండాయి."

"అవి ఇంకా మంచివి. నిజమైన మొగుడూ పెండ్లాలని నమ్ముతారు." అతను కంప్యూటరులో గబగబా కొట్టుకుంటూ పోతున్నాడు. "ఇంతకు ముందు పెండ్లి అయిందా అని ఉండాది. ఇద్దురికీ నో పెట్టేస్తా."

"ఆగు," అన్నాను.

పాఠకులారా, కొంప మునగడానికి తుపాను అక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు.

"ఆ ప్రశ్న మొత్తం చదువు," అన్నాను.

ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఉంది. చట్టప్రకారం గానీ, మతాచారం ప్రకారం గానీ, స్థానిక ఆచారం ప్రకారం గానీ జరిగిన ఏ వివాహ తంతునైనా, రిజిస్టరు కాకపోయినా సరే, తెలియజేయాలి. దాచినట్టు తేలితే దరఖాస్తు తిరస్కరిస్తారు, కొన్నేళ్ళు ఆ దేశం గడప తొక్కనివ్వరు.

బసవరాజు నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఏమక్కా, ఏమన్నా ఉండాదా? చెప్పు, ఈడనే సమాధి చేసేస్తాం."

"అరటిచెట్టుతో అయింది."

అతను కీబోర్డు మీంచి వేళ్ళు తీశాడు. "మా చిన్నాయన కూతురికి గూడా చేసిరి. ఆయమ్మ ఇప్పుడు దుబాయిలో హాయిగా ఉండాది. అక్కా, అరటిచెట్టుకు పాసుపోర్టు ఉండాదా?"

"లేదు."

"అయితే అది మనిషి కాదు. నో."

"తాళి నిజం, మంత్రం నిజం," అన్నాను. ఏడేళ్ళ కింద అవ్వతో ఏ వాదనకైతే ఓడిపోయానో, ఆ వాదన పట్టుకునే ఇప్పుడు బసవరాజును ఓడిద్దామని నిలబడ్డాను. అతను చేతులు జోడించి ఫైలు నా చేతిలో పెట్టాడు. "నిజం చెప్పాలని నీకు అంత ఉంటే నువ్వే నింపుకో తల్లీ. నాకు పెండ్లాం పిల్లలు ఉండారు."

నిజం నిప్పులాంటిదంటారు. నిప్పే. కాకపోతే గడ్డివాములో కూర్చుని దాన్ని ఊదకూడదని కూడా పెద్దలు చెప్పి ఉండాల్సింది.

ఇంట్లో కూర్చుని నేనే నింపాను. పూర్వ వివాహాలు: ఒకటి. పూర్వపు భర్త ఇంటిపేరు, అసలు పేరు వేర్వేరు గడుల్లో రాయమన్నారు. పేర్లను అనువదించకూడదని నాకు పట్టుదల. ఇంటిపేరు గడిలో 'అరటి' అనీ, పేరు గడిలో 'చెట్టు' అనీ ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. వివాహం ఎలా ముగిసింది: మరణం. క్లుప్తంగా వివరించండి అంటే క్లుప్తంగానే వివరించాను: పెళ్ళిరోజు ఉదయమే మా అవ్వ నరికించింది.

నన్ను మరీ అంత తెలివితక్కువదాన్ని అనుకోకండి. ఇదంతా ఏమిటో చెబుతూ నాలుగు పేజీల వివరణ జత చేశాను. కుజుడు ఎవరు, దోషం ఏమిటి, అరటి వృక్షమా ఓషధియా, దక్కన్ పీఠభూమిలో ఈ ఆచారం ఎక్కడెక్కడ ఉంది, అన్నీ. చివర మా అవ్వ ఫోటో కూడా పెట్టాను. ఆ ఫోటో బరువుకు వివరణ ఫైలు మొత్తం కంప్యూటరులో ఎక్కలేదు. ఎక్కలేదని తెర మీద ఎర్రటి గీత కూడా వచ్చింది. నేను దాన్ని అలంకారం అనుకున్నాను.

ఆపైన కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. మర్యాదైన ఉత్తరం. శ్రీ చెట్టు అరటి గారి మరణ ధ్రువీకరణ పత్రం జతచేయలేదనీ, ఆ మరణానికి సంబంధించిన పోలీసు లేదా కోర్టు కాగితాలు పంపాలనీ, దరఖాస్తుదారుగారి అవ్వ ప్రస్తుతం ఏ జైలులో ఉన్నదీ తెలియజేయాలనీ, గడువులోగా ఇవన్నీ సమర్పించి ఇంటర్వ్యూకు హాజరు కాకపోతే తిరస్కరిస్తామనీ ఉంది. నకలు వెంకటేశుకు కూడా వెళ్ళింది.

తెల్లారకముందే ఫోన్ వచ్చింది.

"సుజాతా, ఎవురు ఈ చెట్టు గారు?"

"చెట్టే."

"చెట్టే అంటే?"

"అరటిచెట్టు. మీయమ్మకు తెలుసు."

"నరికినారని రాసినావే."

"నరికినారు కాబట్టి."

కోప్పడతాడనుకున్నాను, దానికి జవాబు సిద్ధంగా ఉంది. అతను కోప్పడలేదు. "ఈడ రెండు కంచాలు కొని పెట్టినా సుజాతా," అన్నాడు. "ఒగటి ఇంకా అట్టపెట్టెలోనే ఉండాది. నువ్వొచ్చి తీస్తావని."

ముప్పైనాలుగేళ్ళకు దొరికిన మనిషి. నా వాగుడు విని పారిపోకుండా, ఊ కొడుతూ మజ్జిగన్నం తినే మనిషి. అతని కంచం పక్కన కంచం పెట్టుకునే యోగం నా నాలుక చివర వేలాడుతోంది. కాలేజీకి సెలవు పెట్టి ఆ పొద్దున్నే పెనుకొండ ప్యాసింజరు ఎక్కాను.

కోర్టు ఎదురుగా ఒక ముసలి వకీలు ఉండేవాడు. నోటరీ కూడా ఆయనే. ఉత్తరమంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఏమ్మా, మీయవ్వ యాడుండాది?"

"ఈడనే, కోట కింద. ఇంట్లో."

"సంతోషం. ఇప్పుడు చట్టం చూద్దాం. హిందూ వివాహం ఇద్దరు హిందువుల మధ్య జరగాల. వరుడు హిందువేనా?"

"సార్, నేను నిజంగా కష్టంలో ఉండాను."

"నేను నిజంగానే అడుగుతాండా. కార్తీకమాసంలో కొబ్బరికాయ కొట్టించుకునే చెట్టు గాబట్టి హిందువే అనుకుందాం. వయసు?"

"తొమ్మిది నెలలు ఉంటాది."

"ఇరవై ఒకటి నిండాల. బాల్యవివాహం." ఆయన పెన్ను కిందపెట్టాడు. "ఇది పెండ్లి గాదమ్మా, దోష శాంతి. అట్లని రెండు వైపులా పెద్దోళ్ళు ప్రమాణపత్రం మీద సంతకం పెడితే, నేను ముద్ర కొడతా. మీయవ్వ ఒగటి, మీయత్త ఒగటి. చెట్టు నరికిన చోటు ఫోటో ఉంటే ఇంకా బాగుంటాది. మొద్దు కనపడాల."

రెండు సంతకాలు, ఒక ఫోటో. ఇంతేనా అనుకుంటూ కోట కిందికి నడిచాను. పాయసంలో ఉప్పు ఎప్పుడూ చివర్లోనే పడుతుంది.

అవ్వ గోడ మీద తెల్లటి నార ఆరబెడుతోంది. విషయం చెప్పాను. జైలు అన్నచోట కొంచెం గర్వంగా సర్దుకుంది. సంతకం అన్నచోట మొహం తిప్పుకుంది.

"పెండ్లి గాదని నేను రాసియ్యను. పంతుల్ని పిలిచి చేసినా. కాదంటే కండ్లు పోతాయి."

"ఇప్పటికే నీకు సరిగ్గా కనపడదు."

"ఉన్నెవి గూడా పోతాయి."

"సరే, అది తర్వాత. మొద్దు చూపించు, ఫోటో తీయాల."

పెళ్ళినాటినుంచి నేను తొంగిచూడని పెరట్లోకి తీసుకెళ్ళింది. నేను ఫోన్ పైకెత్తి అలాగే ఆగిపోయాను. మొద్దు లేదు. మొద్దు ఉండాల్సిన చోట ఏనుగు చెవులంతటి ఆకులతో ఒక అరటి గుబురు. మధ్యలో పెద్ద చెట్టు, దానికి వంగిపోయేంత గెల, చుట్టూ నాలుగు పిలకలు.

"అవ్వా, ఇదేమి?"

"అదే."

"నరికినాం గదా."

"పైన నరికినాం. అరటిని నరికితే సస్తాదా యాడన్నా? గడ్డ ఉంటే మల్లా లేస్తాది."

"అయితే నా మొగుడు..."

"గెల ఏసినాడు," అంది అవ్వ.

నేను అక్కడే, బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. చనిపోయాడని ప్రభుత్వానికి రాసిచ్చిన మొగుడు బతికే ఉన్నాడు. బతికి ఉండగానే రెండో పెళ్ళి చేసుకున్నాను. పైగా నాలుగు పిలకలు. వకీలుకు ఫోన్ చేసి జరిగింది చెబితే అవతల దగ్గు తెర వచ్చింది. "అమ్మా, మొదటి భర్త సజీవంగా ఉండగా రెండో వివాహం అనే మాట నేను వినలేదు. ఫోటో తియ్యొద్దు. తీసింటే తీసెయ్యి. పోయి మీయత్త సంతకం తీసుకురా పో."

ధర్మవరంలో మా అత్త మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. మామిడిపిందెల అంచు, మెరూన్ రంగు చీర. నన్ను చూసి, "ఏమ్మీ, కబురన్నా లేకుండా వచ్చినావే. వీసా వచ్చిందా?" అంది.

"ఇంకా లేదత్తా. ఒగ సంతకం గావాల. అరటిచెట్టుతో జరిగింది ఉత్త శాంతి మాత్రమే అని."

"దానికేమి, పెడతా. చెట్టు పోయింది, దోషం పోయింది. ఇటు తే."

కాగితం ఇచ్చాను. ఆమె పెన్ను అందుకుంది. ఇక్కడ ఏ తెలివైన ఆడమనిషైనా ఏం చేస్తుంది? నోరు మూసుకుని సంతకం అయ్యేవరకు మగ్గం వైపు చూస్తుంది. నేను ఏం చేశాను? ఎవరూ అడక్కుండా, "చెట్టు మాత్రం పోలేదత్తా. మల్లా లేచింది. గెల గూడా ఏసింది," అన్నాను.

పెన్ను ఆగింది. మగ్గం ఎప్పుడో ఆగిపోయింది.

"అంటే అది సావలేదు."

"సావలేదు."

"అంటే గండం యాడికీ పోలేదు. నా కొడుకు నెత్తినే ఉండాది." ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "అమ్మీ, నువ్వు మంచిదానివే. కానీ నాకున్నేది ఒక్కడే. ఈ సంగతి తేలేదాకా నువ్వు వాని దగ్గరికి పోవద్దు."

పరాయి దేశం రానివ్వనంటోంది సరే, సొంత అత్త కూడా పోనివ్వనంటోంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటే ఇదే. నన్నయితే ఎవరూ అడగను కూడా లేదు.

ధర్మవరం స్టేషన్లో బెంచీ మీద కూర్చుని అవ్వకు ఫోన్ చేశాను. అంతా విని అవ్వ "ఏడ్సాకు. ఆయమ్మకు ఫోనియ్యి," అంది. మళ్ళీ ఇంటికి వెళ్ళి, ఏమీ మాట్లాడకుండా, ఫోన్ గట్టిగా వినిపించేలా పెట్టి మగ్గం మీద పెట్టాను. నేను మాట్లాడకుండా ఒక పని చేయడం అదే మొదలు.

"వదినా, నీ తలకాయ యాడ పెట్టినావు?" అంది అవ్వ. "సచ్చినోడు మల్లా పుడితే, పాత పెండ్లాం ఆయప్పకు పెండ్లామే అవుతాదా?"

మా అత్త ఆలోచించింది. "కాదు."

"నరికిననాడు సచ్చినాడు. అప్పుడే గండం తీరింది. ఇప్పుడున్నేది వేరే జన్మ. ఆ పిల్లోనికీ మన పిల్లకూ ఏమీ సంబంధం లేదు. వయసులో గూడా మన పిల్లకు మనవని మాదిరి."

మా అత్త నా చేతిలోని కాగితం లాక్కుని, మడతలు విప్పి, ఒక షరతు పెట్టింది. "పునర్జన్మ అని రాస్తేనే పెడతా." ఆ పట్టు చూసి అవ్వ కూడా పట్టు పట్టింది. పెండ్లి అన్న మాట తీసెయ్యకూడదట. వకీలు తల పట్టుకుని చివరికి రాసింది ఇది: పై తేదీన ఒక మొక్కకు వివాహం అనబడు శాంతి జరిగినదనియు, సదరు మొక్క అదేరోజు మరణించినదనియు, ప్రస్తుతం అదే స్థలమందున్న మొక్క వేరు జీవి అనియు. అవ్వ వేలిముద్ర, అత్త సంతకం, మధ్యలో నోటరీ ముద్ర. అంత విలువైన కాగితం పెనుకొండ కోర్టు ముందు మళ్ళీ పుట్టి ఉండదు.

ఇంటర్వ్యూ బెంగుళూరులో. గాజు గది, అవతల ఒక అధికారిణి, నా వయసే ఉంటుంది. రైల్లో వస్తూ వందసార్లు చెప్పుకున్నాను, అడిగిందానికే జవాబు, అడిగిందానికే జవాబు.

"మీ పూర్వపు భర్త శ్రీ అరటి," అందామె. "ఆయన వృత్తి ఏమిటి?"

"వృత్తి లేదు, మేడమ్. ఆయన ఒక మొక్క."

ఆమె ప్రమాణపత్రం తీసి మొదటినుంచి చదివింది. పక్కకు తిరిగి లోపలికి వెళ్ళింది. అద్దం వెనక ఇంకో ఇద్దరు వచ్చి నా వైపు చూసి వెళ్ళారు. కాళ్ళ కింద నేల మగ్గం గుంతలాగా లోతుగా కనిపించింది. ఆమె తిరిగొచ్చి కూర్చుంది.

"మీ అవ్వ జైలులో లేదు కదా?"

"లేదు. ఇంట్లో నార తీస్తోంది."

"మీ ప్రస్తుత భర్తకు ఏం వండితే ఇష్టం?"

"రాగి సంగటి, అందులోకి చెనిగిత్తనాల ఊరిబిండి పచ్చడి." అడగకపోయినా ఇంకోటి కలిపాను. "రెండు కంచాలు కొన్నాడు, మేడమ్. ఒకటి ఇంకా పెట్టెలోనే ఉంది."

ఆమె ఏదో రాసుకుంది. "ఆఖరి ప్రశ్న. ఇది అందరినీ అడిగేదే. పూర్వ వివాహం వల్ల మీ మీద ఆధారపడిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?"

లేరు. రెండక్షరాలు. ఎంత సులువు. పాఠకులారా, నేను నోరు తెరిచాను, నా కళ్ళముందు ఆ గుబురు మెదిలింది, నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "నాలుగు పిలకలున్నాయి, కానీ అవి మా అవ్వ మీద ఆధారపడి ఉన్నాయి."

ఆమె పెన్ను కిందపెట్టి టేబుల్ మీదికి వంగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఆమెకేమైనా అయిందేమోనని భయపడి బెల్లు ఎక్కడుందా అని చూశాను. ఆమె లేచి కళ్ళు తుడుచుకుని, ఇక మీరు వెళ్ళవచ్చు అంది.

వీసా వచ్చింది. దాంతో వచ్చిన కాగితంలో ఒక పంక్తి మాత్రం అలాగే ఉండిపోయింది. పూర్వ భర్త: ఒకరు. మరణ ధ్రువీకరణ: సమర్పించలేదు.

బయల్దేరేటప్పుడు అవ్వ నా పెట్టెలో సంగటి కెలికే కట్టె ఒకటి గుడ్డలో చుట్టి పెట్టింది. విమానం దిగాక కార్డు ఇచ్చి, కలప, మొక్కలు, విత్తనాలు ఏమైనా తెచ్చారా అని అడిగారు. కట్టె ఉందని నిజాయితీగా రాశాను. అధికారి గుడ్డ విప్పాడు. కట్టెను తిప్పి చూసి పక్కన పెట్టాడు. గుడ్డ లోపల దానికి చుట్టి ఉన్న తెల్లటి నారను రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"ఇదేమిటి?"

నేను గుర్తుపట్టాను. అవ్వ గోడ మీద ఆరబెట్టిన నార. పెరట్లో అరటి గుబురు నార. అవ్వ వేసే ముడి. ఏడేళ్ళ చరిత్ర, కుజుడు, పంతులు, కొడవలి, పునర్జన్మ, అన్నీ కలిసి నా గొంతులోకి వచ్చాయి. నోరు తెరిచాను. అధికారి భుజం మీదుగా చూస్తే, అద్దం తలుపు అవతల వెంకటేశు. ఒక చేతిలో నా కోసం కోటు, ఇంకో చేత్తో ఊపుతున్నాడు.

"తాడు," అన్నాను.

అంతే. ఒక్క మాట. నా జీవితంలో నేను చెప్పిన అతి చిన్న జవాబు.

మొక్క నార లోపలికి రానివ్వరని చెప్పి, అతను దాన్ని కత్తిరించి ఒక సంచిలో వేసి సీలు వేశాడు. ఒక రసీదు కొట్టి చేతిలో పెట్టాడు. వద్దనబోయి, ఎందుకో తీసుకుని పాసుపోర్టులో దాచాను. ఆ రోజు మధ్యాహ్నం రెండో కంచం అట్టపెట్టె నేనే విప్పాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాను. కుర్రవాడైన ఒక అధికారి నా పాత ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"పూర్వపు భర్త ఒకరున్నారు. మరణ పత్రం ఇప్పటికీ రాలేదు. ఏదైనా ఆధారం ఉందా?"

వెంకటేశు పక్కనే ఉన్నాడు. బల్ల కింద నా చెయ్యి పట్టుకుని, మాట్లాడొద్దని గట్టిగా నొక్కాడు. నేను మాట్లాడలేదు. పాత పాసుపోర్టు తెరిచి రసీదు తీసి బల్ల మీద పెట్టాను. వాళ్ళ దేశపు ముద్ర, వాళ్ళ అధికారి సంతకం, వాళ్ళ భాషలో స్పష్టంగా ఉంది: మొక్క పదార్థము, ఒకటి. దహనము నిమిత్తము ప్రభుత్వ ఆధీనములోకి తీసుకొనడమైనది.

అతను రసీదు చదివాడు, ఫైలు చదివాడు, పెనుకొండ ప్రమాణపత్రం చదివాడు, మళ్ళీ రసీదు చదివాడు. నా వైపు చూసి చాలా నెమ్మదిగా అన్నాడు, "మీకు కలిగిన నష్టానికి మా సానుభూతి." ఫైలులో ఆ పంక్తి ఎదురుగా 'సమర్పించారు' అని రాసుకున్నాడు.

కాబట్టి, ఇంతవరకు ఓపిగ్గా చదివిన మీ అందరి సాక్షిగా, నా రెండు కంచాల మీద, నాలుగు పిలకల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ ప్రభుత్వమైనా, ఏ అత్తైనా, ఏ కండక్టరైనా ఏది అడిగితే దానికే జవాబు చెబుతాను. అడగనిది ప్రాణం పోయినా చెప్పను. ఈ కథ మీలో ఎవరు అడిగారని మాత్రం నన్ను అడక్కండి.